శాంతి వేరు, నిశ్శబ్దం వేరు

'శాంతిభద్రతలు' అనే మాట మనం ప్రతిరోజూ పత్రికల్లో చదువుతుంటాం. ఊళ్లో చిన్న గొడవ జరిగినా, ఊరేగింపు సాగినా, ధర్నా జరిగినా 'శాంతిభద్రతల దృష్ట్యా' అంటూ ఒక ఉత్తర్వు వెలువడుతుంది. ఉర్దూలో దీన్నే 'అమనోఅమాన్' అంటాం. అమన్ అంటే శాంతి. అమాన్ అంటే రక్షణ, అభయం. మనిషి భయం లేకుండా బతికినప్పుడే ఆ మాటకు అర్థం. మనుషులు భయపడి నోరు మూసుకున్న చోట ఉండేది అమన్ కాదు, ఖామోషీ. ఈ రెంటికీ తేడా తెలియని ప్రభుత్వం ప్రజలను అణచి ఉంచగలదు గానీ శాంతిని ఇవ్వలేదు. ఈ సంగతి తెలుసుకోవడానికి మనం దూరదేశాల చరిత్ర తిరగవేయనక్కర లేదు. రావికమతం నుంచి ఉత్తరాన కనిపించే కొండల చరిత్ర చాలు.

మన మండలం 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. అదే సంవత్సరం కొండల మీది మన్యం ప్రాంతం పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. ఏ మనిషిని ఒకనాటి ప్రభుత్వం 'శాంతికి భంగం కలిగించేవాడు' అని వేటాడి చంపించిందో, ఆ మనిషి పేరే నేడు జిల్లాకు పేరు. ఆ ప్రభుత్వం 'శాంతి' అని దేనిని పిలిచిందో, దాన్ని ఏ పద్ధతులతో నిలబెట్టిందో మన పిల్లలకు చెప్పవలసిన అవసరం ఉంది. ఎందుకంటే ఆ పద్ధతులన్నీ ఆ ప్రభుత్వంతోనే పోలేదు.

'ఏజెన్సీ' అనే మాట వెనుక

కొండ ప్రాంతాన్ని మనం 'ఏజెన్సీ' అంటాం. ఈ మాట ఎలా వచ్చిందో చాలామందికి తెలియదు. విశాఖపట్నం, గంజాం జిల్లాల్లో జమీందారులు, కొండ నాయకులు పదే పదే తిరగబడుతుండటంతో కంపెనీ ప్రభుత్వం 1830 దశకంలో జార్జి రస్సెల్ అనే అధికారిని ప్రత్యేక కమిషనరుగా పంపింది. ఆయన సిఫారసుల మీద 1839లో 24వ నంబరు చట్టం వచ్చింది. దాని ప్రకారం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించారు. కలెక్టరే గవర్నరుకు ఏజెంటు. సివిలు, క్రిమినలు అధికారాలు రెండూ ఆయన చేతిలోనే. ఏజెంటు పాలించే ప్రాంతం కాబట్టి 'ఏజెన్సీ' అయింది.

పైకి చూస్తే ఇది అమాయకులైన కొండవాళ్లను కోర్టు ఖర్చుల నుంచి, ప్లీడర్ల నుంచి కాపాడే ఏర్పాటులా కనిపిస్తుంది. కానీ పన్ను వేసేవాడు, పట్టుకునేవాడు, తీర్పు చెప్పేవాడు ఒకే కచేరీకి చెందినవారైతే ఫిర్యాదు ఎవరితో చెప్పుకోవాలి? వలస పాలన వాడిన మొదటి సాధనం ఇదే. ఫిర్యాదుకు దారి లేకుండా చేయడం. దారి లేని ఫిర్యాదు ఏదో ఒక రోజున తుపాకీ పట్టుకుంటుంది.

1879లో అదే జరిగింది. గోదావరి జిల్లా రంపలో మన్సబ్‌దారు పీడన ఒకవైపు, కల్లుగీతపై కొత్త ఆబ్కారీ నిబంధనలు మరొకవైపు ముఠాదారులను, కొండప్రజలను తిరుగుబాటుకు నెట్టాయి. కల్లు మనకు నిషిద్ధమే. అయినా అన్యాయం అన్యాయమే. తమ ఇంటి వాడకానికి చెట్టు గీసుకునే పేదవాడిపై కంట్రాక్టరును తెచ్చి కూర్చోబెట్టడం న్యాయమని ఎవరూ అనలేరు. దీన్ని అణచడానికి ఇరుగుపొరుగు జిల్లాల పోలీసులు చాలక ఆరు మద్రాసు పదాతి దళాలను, అశ్విక దళాన్ని దించవలసి వచ్చింది. 1880లో గాని రంప సద్దుమణగలేదు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. సైన్యంతో పాటు విచారణ కూడా జరిగింది. రెవెన్యూ బోర్డు సభ్యుడు సల్లివాన్ వచ్చి కారణాలు పరిశీలించారు. మన్సబ్‌దారును తొలగించి, ముఠాదారులతో ప్రభుత్వం నేరుగా ఒప్పందాలు చేసుకుంది. అంటే తిరగబడినవారి ఫిర్యాదులో నిజం ఉందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్లు. ఆ విచారణ ఒక్క సంవత్సరం ముందు జరిగి ఉంటే అన్ని దళాల అవసరం వచ్చేదా?

మలబారు నుంచి మన్యానికి

నలభై ఏళ్లు గడిచాయి. అడవి చట్టాలు పోడు వ్యవసాయాన్ని అడ్డుకున్నాయి. గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు వేయించిన రోడ్డు పనిలో కొండవాళ్లకు సరైన కూలి దక్కలేదు. అల్లూరి సీతారామరాజు మొదట తుపాకీ పట్టలేదు. సహాయ నిరాకరణ రోజుల్లో మద్యం మానమని, కోర్టులకు పోకుండా పంచాయతీల్లో తగవులు తీర్చుకొమ్మని చెప్పారు. దానికే ఆయనపై నిఘా పెట్టారు.

ఈ సందర్భంలో మనం గుర్తుంచుకోవలసిన పేరు ఫజులుల్లాఖాన్. ఆయన పోలవరం డిప్యూటీ కలెక్టరు. ప్రభుత్వ ఉద్యోగి అయి ఉండి కూడా ఆ యువకుడిని అనుమానంతో కాక సానుభూతితో చూశారు. నిఘా బాధ తప్పించి, పైడిపుట్టలో వ్యవసాయం చేసుకునేందుకు భూమి దొరికేలా సాయపడ్డారు. ఒక అధికారి మనిషిని మనిషిగా చూస్తే ఎంత మేలు జరుగుతుందో ఇది చెబుతుంది. కానీ ఒక్క మంచి అధికారి వల్ల చెడ్డ పద్ధతి మారదు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై రాజు దళం దాడి చేసి 26 తుపాకులు పట్టుకుపోయింది. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు చనిపోయారు. ముందు నడిచిన భారతీయ పోలీసులను దళం వదిలిపెట్టిందనేది ప్రసిద్ధం. అప్పుడు మద్రాసు ప్రభుత్వం మలబారు స్పెషల్ పోలీసును మన్యానికి దింపింది.

ఈ దళం ఎక్కడిది? దీని పుట్టుక మన సమాజపు చరిత్రలో ఒక గాయంతో ముడిపడి ఉంది. 1921 ఆగస్టులో మలబారులో మోప్లా తిరుగుబాటు మొదలైంది. అది పాత కౌలు బాధలకు ఖిలాఫత్ ఆవేశం తోడైన తిరుగుబాటు. ప్రభుత్వం మార్షల్ లా విధించింది. ఆ తిరుగుబాటును అణచే క్రమంలో, 1921లోనే, జిల్లా పోలీసు సూపరింటెండెంటు హిచ్‌కాక్ ఆధ్వర్యంలో సైనిక తరహాలో మలబారు స్పెషల్ పోలీసు తయారైంది. అదే సంవత్సరం నవంబరులో తిరూరు నుంచి వందమంది ఖైదీలను మూసిన గూడ్సు పెట్టెలో కుక్కి రైలెక్కించారు. పోదనూరులో తలుపు తీసేసరికి ఊపిరాడక శవాలు పడి ఉన్నాయి. మొత్తం సుమారు 70 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది మోప్లాలు, కొద్దిమంది హిందువులు. ఆ పెట్టెలో గాలి అందరికీ ఒకేలా అందకుండా పోయింది.

నిజం చెప్పుకునేటప్పుడు సగం చెప్పుకోరాదు. ఆ తిరుగుబాటులో కొన్ని మూకలు నిరపరాధులైన హిందూ కుటుంబాలను చంపాయి, మతం మారమని బలవంతపెట్టాయి. అది జులుమే. జులుం చేసినవాడు మనవాడైనంత మాత్రాన అది న్యాయం కాబోదు. అయితే నేరం చేసినవాడిని విచారించి శిక్షించడం వేరు, వందమందిని గాలి ఆడని పెట్టెలో వేయడం వేరు.

ఇప్పుడు రెండు సంఘటనలనూ కలిపి చూడండి. మలబారులో మోప్లాలపై పనిచేసిన దళం, ఏడాది తిరక్కుండానే చింతపల్లి కొండల్లో కోయ, బగత గూడేలలో తిరిగింది. వారి భాష వీరికి రాదు, వీరి భాష వారికి తెలియదు. అది చాలక 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్‌ను తెచ్చారు. వలస పాలన రెండో సాధనం ఇదే. ఒక ప్రాంతం వారిని అణచడానికి వారి బాధ తెలియని మరో ప్రాంతం వారిని తేవడం. పొరుగూరి పోలీసైతే కొండవాడి కష్టం కొంతైనా తెలిసినవాడు. వెయ్యి మైళ్ల నుంచి వచ్చిన సిపాయికి ఆ కొండ ఒక గురి మాత్రమే.

వాల్తేరు స్టేషనులో ఒక అరెస్టు

మూడో సాధనం ముందుజాగ్రత్త పేరిట నోరు మూయించడం. దీనికి ఆనాటి మన విశాఖపట్నం జిల్లాలోనే ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. 1921 సెప్టెంబరు 14న గాంధీజీతో కలిసి మద్రాసు వైపు ప్రయాణిస్తున్న మౌలానా ముహమ్మద్ అలీని వాల్తేరు రైల్వే స్టేషనులో అరెస్టు చేశారు. మలబారు మంటల్లో ఉన్న రోజులవి. అక్కడికి వెళ్లి శాంతి మాటలు చెబుదామన్నది వారి ఉద్దేశం. ప్రభుత్వం వాడిన సెక్షన్లు క్రిమినల్ ప్రొసీజరు కోడ్‌లోని 107, 108. అంటే నేరం చేశాడని కాదు, 'శాంతిగా ఉంటానని, సత్ప్రవర్తనతో ఉంటానని' పూచీకత్తు ఇవ్వాలని. తర్వాత కరాచీ ఖాలిక్‌దీనా హాలులో కేసు నడిపి ఆయనకు, అన్నగారు షౌకత్ అలీకి, మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ, డాక్టర్ కిచ్లూ తదితరులకు రెండేళ్ల శిక్ష వేశారు. వారి సరసన నిలబడిన ముద్దాయిల్లో శంకరాచార్య భారతీకృష్ణ తీర్థ కూడా ఉన్నారు. కోర్టు ఆయనను విడిచిపెట్టింది.

మంట ఆర్పడానికి వెళ్లే మనిషిని దారిలో ఆపి, ఆ మంటను ఆర్పే పనిని తుపాకులకు అప్పగించారు. దాని ఫలితం మలబారులో చూశాం.

ఊరంతటికీ జుల్మానా

నాలుగో సాధనం సామూహిక శిక్ష. 1861 పోలీసు చట్టంలోని 15వ సెక్షను ప్రకారం, అల్లర్లు జరిగిన ప్రాంతంలో అదనపు పోలీసులను నిలిపి, వారి ఖర్చు అక్కడి ప్రజల నుంచే వసూలు చేయవచ్చు. దీన్నే 'ప్యూనిటివ్ పోలీసు' అనేవారు. మన తెలుగు ప్రాంతాలు ఈ పద్ధతిని బాగానే చవిచూశాయి. 1922లో పెదనందిపాడు ఫిర్కాలో రైతులు పన్ను కట్టబోమన్నప్పుడు సిపాయిలు దిగారు, జప్తులు సాగాయి. పల్నాడులో అడవి పుల్లరి చెల్లించబోమన్న కన్నెగంటి హనుమంతు మించాలపాడులో పోలీసు కాల్పులకు బలయ్యారు. మన్యంలోనూ దళానికి గింజలు అందకుండా చేయడానికి గూడేలనే కట్టడి చేశారు. దళంలో ఉన్నది కొద్దిమంది. ఆకలి మాత్రం ఊరందరిదీ.

ఒకరి నేరభారం మరొకరి మెడకు చుట్టరాదన్నది మన దీన్ నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి. పొరుగు మతాల ధర్మశాస్త్రాలూ, నేటి రాజ్యాంగమూ దీనికి భిన్నంగా చెప్పవు. కొడుకు తప్పు చేస్తే తల్లి ఇంటికి తాళం వేయడం శిక్ష కాదు, పగ తీర్చుకోవడం.

ఇక చివరి సాధనం విచారణ లేని మరణం. 1924 మే 7న మంప వద్ద పట్టుబడిన సీతారామరాజును కొయ్యూరులో మేజర్ గుడాల్ శిబిరానికి తెచ్చి కాల్చి చంపారు. పారిపోబోయాడని ప్రభుత్వం చెప్పింది. కోర్టు లేదు, సాక్షి లేడు, వాదన లేదు. ఆయన సహచరుడు గాం మల్లుదొర మాత్రం అంతకు ముందే పట్టుబడి, విచారణ జరిగి, అండమాను జైలు పాలయ్యారు. స్వాతంత్ర్యం తర్వాత 1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఒకనాటి 'బందిపోటు' చట్టాలు చేసే సభలో కూర్చున్నాడు. విచారణ దక్కినందువల్లనే అది సాధ్యమైంది. రాజుకు ఆ అవకాశం ఇవ్వలేదు.

తుపాకీ దించిన సిపాయిలు

ఈ చరిత్ర అంతా చీకటి కాదు. 1930 ఏప్రిల్ 23న పెషావరు కిస్సాఖ్వానీ బజారులో నిరాయుధులైన పఠాన్లపై కాల్పులు జరుగుతున్నప్పుడు, గఢ్వాలు రైఫిల్స్‌కు చెందిన చంద్రసింగ్, ఆయన తోటి సిపాయిలు కాల్చడానికి నిరాకరించారు. వారంతా హిందువులు. ఎదుట ఉన్నది ముస్లింలు. హిందూ సిపాయిని ముస్లిం జనం ఎదుట నిలబెడితే వెనుకాడడని లెక్కవేసిన పాలనకు అది తగిన జవాబు. ఆ సిపాయిలు జైళ్లకు వెళ్లారు గానీ చరిత్రలో తలెత్తుకు నిలబడ్డారు.

పాత సాధనాలు, కొత్త నంబర్లు

'మరి అల్లర్లు జరిగితే ప్రభుత్వం చేతులు కట్టుకు కూర్చోవాలా?' అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అల్లరి మూక రోడ్డెక్కితే ముందుగా కాలేది పేదవాడి బండి, ముందుగా మూతపడేది చిన్న దుకాణం, ముందుగా వణికేది ఇంట్లో ఆడపిల్ల. శాంతిభద్రతలు అందరికంటే ఎక్కువగా కావలసింది బలహీనులకే. కాబట్టి మన వాదన పోలీసు వద్దని కాదు. చేసినవాడినే పట్టుకోవాలి, చట్టం ప్రకారం పట్టుకోవాలి, ఎందుకు పట్టుకున్నారో కోర్టులో చెప్పాలి, అసలు గొడవకు మూలం ఏమిటో విచారించాలి అనేదే.

ఎందుకీ మాట చెప్పవలసి వస్తోందంటే, తెల్లవాడు వెళ్లినా సాధనాలు మిగిలాయి. కోస్తా జిల్లాల పోలీసు చట్టం పుట్టింది 1859లో. నలుగురు కూడరాదనే పాత 144వ సెక్షను 2024 జులై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షను అయింది. నంబరు మారింది, స్వభావం మారలేదు. అయితే మనకు ఆనాడు లేనిది ఇప్పుడు ఉంది. రాజ్యాంగం ఉంది, దాన్ని చూపి ప్రశ్నించే హక్కు ఉంది. 144 ఉత్తర్వులను అదే పనిగా పొడిగించడం అధికార దుర్వినియోగమని, ఉత్తర్వులను ప్రజలకు తెలిసేలా ప్రకటించాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు కాశ్మీరు కేసులో చెప్పింది. పోలీసు కాల్పుల్లో ఎవరైనా మరణిస్తే కేసు నమోదు చేసి స్వతంత్ర దర్యాప్తు జరపాలని 2014లో చెప్పింది. నిందితుడి ఇల్లన్న కారణంతో ఇళ్లు కూల్చరాదని, కూల్చివేతకు ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలని 2024 నవంబరు 13న తీర్పు ఇచ్చింది. కొయ్యూరు మొదలు నేటి బుల్డోజరు వరకు ఉన్న రోగానికి ఇవి మందులు. మందు సీసాలో ఉంటే చాలదు, అడిగి వాడుకోవాలి.

మనం చేయవలసింది

మన ఇళ్లలో ఒక బలహీనత ఉంది. పోలీసు చర్య మన వీధిలో జరిగితే జులుం అంటాం. కొండ గూడెంలోనో, దళితవాడలోనో జరిగితే 'వాళ్లేదో చేసి ఉంటారు' అని పత్రిక మడిచి పక్కన పెడతాం. మలబారు స్పెషల్ పోలీసు కథ ఈ ఆలోచనకు గట్టి జవాబు. తిరూరులో మోప్లాపై పదునెక్కిన కత్తే చింతపల్లిలో గిరిజనుడి మెడ మీదికి వచ్చింది. కత్తికి మతం తెలియదు. ఈరోజు పక్కవాడి మీద వాడితే చప్పట్లు కొట్టినవాడు, రేపు తన మీద వాడినప్పుడు ఏ ముఖంతో న్యాయం అడుగుతాడు?

కాబట్టి కొన్ని పనులు మన చేతిలో ఉన్నాయి. అల్లరి వార్త చెవిన పడగానే నలుగురికి చేరవేయకుండా, నిజానిజాలు విచారించే అలవాటు పిల్లలకు నేర్పాలి. మన కుర్రవాళ్లు ఎవరైనా రాయి పట్టుకుంటే ముందుగా ఆ చేయి పట్టుకోవలసింది మనమే. మండలంలో శాంతి కమిటీ సమావేశం ఉంటే పెద్దలు తప్పక వెళ్లాలి. ఫొటో కోసం కాదు, ఫిర్యాదు ఏమిటో నోరు విప్పి చెప్పడానికి. అరెస్టుకు కారణం అడిగే హక్కు, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకువెళ్లాలనే నియమం, ఉచిత న్యాయసహాయం, ఇవి ప్రతి ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి. చదువుకున్న మన పిల్లలు పోలీసు, రెవెన్యూ ఉద్యోగాల్లోకి వెళ్లాలి. వెళ్లినవారు ఫజులుల్లాఖాన్‌ను గుర్తుంచుకోవాలి. ఠాణాకు వచ్చిన మనిషిని ముందు మనిషిగా, తర్వాతే కేసుగా చూడాలి.

ఆనాటి పాలకులు మన్యాన్ని నిశ్శబ్దం చేయగలిగారు. 1924 తర్వాత ఆ తిరుగుబాటు తుపాకులు మోగలేదు. దాన్నే వారు శాంతి అని కాగితాల్లో రాసుకున్నారు. పోడు బాధ, అడవి బాధ, కూలి బాధ మాత్రం అలాగే ఉండిపోయాయి. ఇన్సాఫ్ ముందు నడిస్తే అమన్ దాని వెంట తానే వస్తుంది. ఇన్సాఫ్‌ను పక్కకు నెట్టి అమన్‌ను తుపాకీతో తెచ్చుకోవాలని చూసేవారికి మిగిలేది ఖామోషీ మాత్రమే. ఏ ఊళ్లో ఎవరి ఫిర్యాదు వినకుండా వదిలేశారో, ఆ ఊరి శాంతిని నమ్మవద్దు. ముందు ఆ ఫిర్యాదు వినండి, అది మనది కాకపోయినా సరే.